పదిహేనో క్లబ్బు ఆటగాడి తప్పే, డ్రైవర్ ముఖం సంగతి వేరు

ఇంగ్లండ్‌లోని రాయల్ లిథమ్ అండ్ సెయింట్ ఆన్స్ గోల్ఫ్ కోర్సులో మొదటి హోల్ పార్ 3, అంటే మూడు షాట్లలో ముగించాల్సిన చిన్న హోల్. మేజర్ టోర్నీలు జరిగే కోర్సుల్లో ఇలా మొదలయ్యేవి అరుదు. మొదటి టీ (హోల్ మొదలుపెట్టే చోటు) దగ్గర డ్రైవర్, అంటే అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్బు (కర్ర), బయటికి తియ్యాల్సిన పని లేదు, తక్కువ దూరాలకు వాడే ఐరన్ చాలు. 2001 ఓపెన్ (బ్రిటిష్ ఓపెన్) చివరి రోజు ఇయాన్ వూస్నమ్‌కు దెబ్బ తగిలింది ఇక్కడే. ఆట మొదలయ్యేసరికి అతను అగ్రస్థానంలో మరికొందరితో సమంగా ఉన్నాడు. మొదటి షాట్ జెండా పక్కకు, అంగుళాల దూరంలోకి వచ్చి ఆగింది. సులువుగా బర్డీ (పార్ కంటే ఒకటి తక్కువ), స్కోరు 2. రెండో టీ దగ్గరికి వెళ్ళాక, బ్యాగు మోసే కేడీ అసలు విషయం చెప్పాడు: బ్యాగులో డ్రైవర్లు రెండున్నాయి, క్లబ్బులు మొత్తం 15, పరిమితికి ఒకటి ఎక్కువ. ప్రాక్టీస్ రేంజ్‌లో రెండు డ్రైవర్లతో కొట్టి చూశారు, రెండోదాన్ని బ్యాగులోంచి తియ్యడం మర్చిపోయారు. రెండు స్ట్రోకుల (షాట్ల) శిక్షతో 2 కాస్తా 4 అయింది. బర్డీ బోగీగా (పార్ కంటే ఒకటి ఎక్కువ) మారింది.

మొదటి హోల్ పార్ 4 అయ్యుంటే డ్రైవర్ కోసం చెయ్యి పెట్టగానే రెండు కవర్లు కనపడేవి, మొదటి షాట్ కొట్టకముందే విషయం బయటపడేది. వూస్నమ్ మొత్తం 278 స్ట్రోకులతో ఆ ఓపెన్‌లో మూడో స్థానాన్ని పలువురితో పంచుకున్నాడు. డేవిడ్ డువాల్ 274తో గెలిచాడు. నిక్లాస్ ఫాస్ట్ 277తో రెండోవాడు. ఆ రెండు స్ట్రోకులు తీసేస్తే వూస్నమ్ 276తో ఒంటరిగా రెండో స్థానంలో ఉండేవాడు. మిగతా పదిహేడు హోల్స్ అదే మనసుతో ఆడేవాడా అన్నది అంకెలతో తేలే విషయం కాదు.

బ్యాగు సర్దింది కేడీ, లెక్క తప్పింది కేడీ, శిక్ష పడింది ఆటగాడికి. ఇది అన్యాయమని అప్పట్లో చాలామంది అన్నారు, ఇప్పటికీ అంటారు. నేను ఒప్పుకోను. ఇందులో అన్యాయం లేదు. గోల్ఫ్ పరికరాల నియమాల్లో అసలు అన్యాయం ఇంకోచోట ఉంది, దాని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. నా వాదన ఇది: కంటితో చూసి, చేత్తో లెక్కపెట్టి తేల్చుకోగలిగినదానికి బాధ్యత పూర్తిగా ఆటగాడిదే, అందులో సడలింపు అక్కర్లేదు. యంత్రం లేకుండా తెలియనిదాన్ని కొలిచే బాధ్యత టోర్నీ నడిపేవాళ్ళది. ఇవాళ వాళ్ళు ఆ పనిని సగంలోనే వదిలేస్తున్నారు.

ముందు లెక్కపెట్టే సంగతి. పద్నాలుగు క్లబ్బుల పరిమితిని అమెరికాలో 1938లో, బ్రిటన్‌లో ఆ మరుసటి ఏడాది పెట్టారు. అంతకుముందు ఇరవైకి పైగా కర్రలు మోయించిన ఆటగాళ్ళున్నారు, మధ్యస్థ దూరాలన్నిటికీ ఒక్కో కర్ర. ఇప్పుడు 4.1బి నియమం ప్రకారం పద్నాలుగు మించితే స్ట్రోక్ ప్లేలో (మొత్తం స్ట్రోకులు లెక్కించే ఆట) తప్పు జరిగిన ఒక్కో హోల్‌కు రెండు స్ట్రోకులు, రౌండు మొత్తానికి నాలుగు మించదు. మ్యాచ్ ప్లేలో (ఎవరు ఎన్ని హోల్స్ గెలిచారో చూసే ఆట) ఒక్కో హోల్‌కు ఒక హోల్ కోత, గరిష్ఠంగా రెండు. ఆ అదనపు కర్రను ఒక్కసారైనా వాడావా లేదా అన్న ప్రశ్నే రాదు. బ్యాగులో ఉంటే చాలు.

లిథమ్‌లో కేడీ రెండో టీ మీద షాట్ పడకముందే నోరు విప్పాడు కాబట్టి రెండు స్ట్రోకులతో పోయింది. షాట్ పడ్డాక చెప్పుంటే నాలుగు అయ్యేవి. 2024 అక్టోబరులో లాస్ వేగస్‌లో జరిగిన ష్రైనర్స్ టోర్నీలో జోయెల్ డామెన్‌కు సరిగ్గా అదే జరిగింది. అదనంగా ఉన్న 4 ఐరన్ నాలుగో హోల్‌లో గాని కంటపడలేదు. అప్పటికే గరిష్ఠ శిక్ష, నాలుగు స్ట్రోకులు, పడిపోయింది.

పదిహేనోది ఎక్కణ్ణుంచి వస్తుందో ఈ ఆటలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. రేంజ్‌లో పోల్చి చూడ్డానికి తెచ్చిన రెండో డ్రైవర్. పుటింగ్ గ్రీన్ మీద ప్రయత్నించిన కొత్త పుట్టర్ (బంతిని రంధ్రంలోకి దొర్లించే కర్ర). అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసేది గాలిని బట్టి మార్చుకునే కర్ర: గాలి ఎక్కువున్న రోజు బంతిని ఎత్తుగా లేపే 7 వుడ్ తీసి కిందుగా కొట్టే 2 ఐరన్ పెట్టుకోవాలనుకుంటారు, 2 ఐరన్ లోపలికి వెళ్తుంది, 7 వుడ్ బయటికి రాదు. ఐరన్లయితే మరీ కష్టం. డామెన్ బ్యాగులోలా ఐరన్ల గుంపులో ఐరన్ కలిసిపోతే పైనుంచి తొంగిచూస్తే తేడా కనపడదు.

అందుకే "ఒకటి, రెండు, మూడు" అని వరసగా లెక్కపెట్టడం కంటే గుంపులుగా చూడ్డం మంచిది. మామూలు బ్యాగు ఇలా ఉంటుంది: డ్రైవర్, 3 వుడ్, ఒక హైబ్రిడ్ (వుడ్‌కూ ఐరన్‌కూ మధ్యరకం), ఇవి మూడు. 4 నుంచి 9 దాకా ఐరన్లు ఆరు, పిచింగ్ వెడ్జ్‌తో ఏడు. దగ్గరి షాట్లకు మరో మూడు వెడ్జ్‌లు, ఒక పుట్టర్. మూడు, ఏడు, మూడు, ఒకటి. కూర్పు ఎలా ఉన్నా ఎవరి గుంపులు వాళ్ళకు కంఠతా వచ్చి ఉండాలి. లెక్క రేంజ్‌లోనో లాకర్ గదిలోనో సరిపోదు, ఆఖరి లెక్క మొదటి టీ మీదే. కేడీ ఒకసారి, ఆటగాడు ఒకసారి, విడివిడిగా. ఇరవై సెకన్ల పని.

ఆఖరి నిమిషంలో అదనపు కర్ర కనపడితే కంగారుపడక్కర్లేదు. వీలైతే అక్కడే వదిలెయ్యాలి. వీలుకాకపోతే రౌండు మొదలవకముందే దాన్ని ఆటలోంచి తప్పించినట్టు స్పష్టంగా తెలియజెయ్యాలి: బ్యాగులో తలకిందులుగా పెట్టడం, గోల్ఫ్ బండి లోపల అడుగున పడెయ్యడం, లేదా మార్కర్‌తో (తన స్కోరు రాసే వ్యక్తితో) చెప్పడం. అప్పుడు మోసుకెళ్ళినా శిక్ష లేదు. రౌండు మధ్యలో కనపడితే వెంటనే ఇదే పని చెయ్యాలి, తర్వాత చేద్దామనుకుంటే కుదరదు. ఒకసారి తప్పించినదాంతో మళ్ళీ ఒక్క షాట్ కొట్టినా అనర్హతే. పద్నాలుగు కంటే తక్కువతో మొదలుపెట్టినవాళ్ళు మధ్యలో నింపుకోవచ్చు. అయితే ఆట ఆగకూడదు, కోర్సు మీద ఆడుతున్న మరొకరి కర్ర తీసుకోకూడదు.

ఇక కేడీ సంగతి. 10.3 నియమం ప్రకారం రౌండు జరుగుతుండగా కేడీ చేసే తప్పు ఆటగాడి తప్పే. ఇది కఠినంగా కనిపిస్తుంది గాని, కేడీని ఎంచుకునేది ఆటగాడు, జీతం ఇచ్చేది ఆటగాడు, బ్యాగు నడిచేది ఆటగాడి చేతికి అందేంత దూరంలో. కేడీ తప్పుకు ఆటగాణ్ణి వదిలేస్తే అక్రమం చేసే ప్రతివాడూ ఆ పని కేడీ చేత చేయిస్తాడు. వూస్నమ్ ఆవేశంలో ఆ డ్రైవర్‌ను విసిరికొట్టాడు, కాని ఆ రోజు కేడీని పనిలోంచి తీసెయ్యలేదు. బరువు ఎవరి మీద ఉండాలో అతనికి తెలుసు.

బంతికీ ఇదే న్యాయం వర్తిస్తుంది. పెద్ద టోర్నీల్లో ఒకే బంతి నియమం ఉంటుంది: ఏ కంపెనీ, ఏ రకం బంతితో రౌండు మొదలుపెడితే దాంతోనే ముగించాలి. పొడవైన పార్ 5లో దూరం వెళ్ళే గట్టి బంతి, గ్రీన్ మీద ఆగాల్సిన చోట తిరుగుడెక్కువ ఉన్న మెత్తటి బంతి అంటూ మార్చుకోకుండా పెట్టిన నియమం. 2019 నవంబరులో మెక్సికోలో మాయకోబా టోర్నీ రెండో రౌండు ముగిశాక, అభిమానుల కోసం సంతకాలు చేస్తూ రసెల్ హెన్లీ తన బంతుల్లో ఒకదాని మీది గుర్తు తేడాగా ఉందని గమనించాడు. అదే కంపెనీ, దాదాపు అదే పేరు, కొంచెం వేరే రకం. దాంతో నాలుగు హోల్స్ ఆడానని తనే వెళ్ళి అధికారులకు చెప్పాడు. నాలుగు హోల్స్, ఎనిమిది స్ట్రోకులు. 69 అనుకున్న రౌండు 77 అయింది, కట్ తప్పింది, అంటే మిగతా రౌండ్లు ఆడే అర్హత పోయింది. ఎవరూ చూడలేదు, ఎవరూ అడగలేదు. హెన్లీ నిజాయితీకి నమస్కారం పెడతాను, అయినా ఎనిమిది స్ట్రోకులూ సబబే అంటాను. బంతి పక్కన అచ్చు వేసి ఉన్న గుర్తును టీ మీద పెట్టేముందు చదవచ్చు.

పరికరాలను పక్కన పెట్టినా ఈ ఆట నడిచేదే ఇలాంటి మనుషుల మీద. హైదరాబాద్ మూలాలున్న తెలుగు కుటుంబంలో పుట్టిన సాహిత్ తీగల 2024 టూర్ ఛాంపియన్‌షిప్ మూడో రౌండులో, మూడో హోల్ బంకర్‌లో (ఇసక గుంటలో), వెనక్కి ఊపేటప్పుడు కర్ర ఇసకకు తగిలిందని తనే చెప్పి రెండు స్ట్రోకులు వేయించుకున్నాడు. కదిలింది కొన్ని ఇసక రేణువులు. చివరికి 24 అండర్‌తో (పార్ కంటే 24 తక్కువ) మూడోవాడయ్యాడు, రెండో స్థానంలో ఉన్న కోలిన్ మోరికావా 26 అండర్. రెండో స్థానానికి కోటి 25 లక్షల డాలర్లు, మూడో స్థానానికి 75 లక్షలు. ఆ రెండు స్ట్రోకుల విలువ ఎంతో పాఠకులే లెక్కేసుకోవచ్చు.

కర్రను రౌండు మధ్యలో మార్చకూడదన్న నియమాలూ ఆటగాడి చేతిలో ఉన్నవే. ఇప్పటి డ్రైవర్లలో మెడ దగ్గర స్క్రూ విప్పి కోణం మార్చొచ్చు, బరువులు జరపొచ్చు. రౌండు మొదలయ్యాక ఆ రెంచ్ ముట్టుకోకూడదు. పొరపాటున తిప్పితే షాట్ కొట్టకముందే మళ్ళీ పాత స్థానానికి తిప్పెయ్యాలి, కొడితే అనర్హత. క్లబ్బు ముఖానికి (బంతికి తగిలే భాగానికి) నూనె, సన్‌స్క్రీన్ లాంటివి కావాలని పూసి కొడితే కూడా అంతే.

ఇంతవరకు నాకు ఏ నియమంతోనూ పేచీ లేదు. పేచీ మొదలయ్యేది డ్రైవర్ ముఖం దగ్గర.

డ్రైవర్ తల లోపల డొల్ల. ఘనపరిమాణం 460 ఘన సెంటీమీటర్లు మించకూడదు. ముఖం ఎక్కువగా పల్చటి టైటానియం రేకు. బంతి తగిలినప్పుడు ఆ రేకు స్ప్రింగులా లోపలికి వంగి తిరిగొస్తుంది. ఎంత ఎక్కువ వంగితే బంతికి అంత వేగం. ఆ స్ప్రింగు గుణానికి హద్దు పెట్టడానికి లోలకం పరీక్ష ఉంది. కర్రను బిగించి, చిన్న ఉక్కు లోలకాన్ని వేర్వేరు ఎత్తుల నుంచి ముఖం మీదికి వదులుతారు. ప్రతిసారీ అది ముఖాన్ని అంటుకుని ఉన్న సమయాన్ని సెన్సర్ కొలుస్తుంది. ఎక్కువసేపు అంటుకుంటే ముఖం ఎక్కువ వంగుతోందని అర్థం. హద్దు 239 మైక్రోసెకన్లు, కొలతలో తేడాలకు మరో 18, మొత్తం 257. సెకనులో సుమారు నాలుగువేలో వంతు.

కంపెనీలు సహజంగానే ఈ హద్దుకు వీలైనంత దగ్గరగా తయారుచేస్తాయి. అంగీకరించిన తలల జాబితాలో ఉన్న డ్రైవర్ కొత్తగా ఉన్నప్పుడు హద్దు లోపలే ఉంటుంది. గంటకు 120 మైళ్ళ వేగంతో ఊపే ఆటగాడు వారం వారం వందలసార్లు దాంతో కొడితే ముఖం నెమ్మదిగా వదులవుతుంది, వంగడం పెరుగుతుంది, అంకె పైకి పాకుతుంది. చివరికి పగులుతుంది. పగిలే ముందు దశలోనే దాని స్ప్రింగు గుణం అన్నిటికంటే ఎక్కువగా ఉంటుంది. ఆటగాడికి తెలిసేదేమిటి? కొందరికి శబ్దం మారినట్టు అనిపిస్తుంది, కొందరికి బంతి ఎత్తు తేడాగా కనిపిస్తుంది. 255కీ 259కీ తేడా ఏ చెవికీ, ఏ చేతికీ తెలియదు. పైగా ఆ డ్రైవర్ ఇటీవల బాగా పనిచేస్తోందంటే దాన్ని ఎవరు అనుమానిస్తారు?

నియమం కూడా దీన్ని కొంతవరకు గుర్తించింది. మామూలు వాడకంలో అరిగి గుణం మారిన క్లబ్బును నియమబద్ధమైనదిగానే చూడాలని 4.1ఎ చెబుతుంది. నియమబద్ధం కాని క్లబ్బుతో షాట్ కొడితే మాత్రం అనర్హత. ఈ రెండిటి మధ్య ఉన్న సందులో టోర్నీలు ఒక పద్ధతి పెట్టుకున్నాయి: ఆట మొదలయ్యే ముందు కొందరి డ్రైవర్లు పరీక్షిస్తారు, హద్దు దాటినవాటిని పక్కన పెట్టిస్తారు, పాత రౌండ్లకు శిక్ష వెయ్యరు, పేర్లు బయటపెట్టరు. మాటల్లో బాగానే ఉంటుంది. రెండు టోర్నీల్లో ఇది ఏమైందో చూద్దాం.

2019లో రాయల్ పోర్ట్‌రష్‌లో జరిగిన ఓపెన్‌లో ముప్పై మంది ఆటగాళ్ళ డ్రైవర్లను పరీక్షించారు. జాండర్ షాఫ్లీది హద్దు దాటింది, మార్చుకున్నాడు. విషయం బయటికొచ్చింది. అతని అభ్యంతరం తన డ్రైవర్‌ను తీసేసినందుకు కాదు. బరిలో 156 మంది ఉంటే ముప్పై మందినే ఎందుకు పరీక్షించారని. మోసగాడన్న మాట సరదాకైనా పడాల్సి వచ్చింది. అతను అడిగిన ప్రశ్నకు ఇప్పటికీ సరైన జవాబు లేదు.

2025 మేలో, క్వెయిల్ హాలోలో జరిగిన పీజీఏ ఛాంపియన్‌షిప్‌లో రోరీ మెకిల్‌రాయ్ డ్రైవర్ పరీక్షలో తప్పింది. నెల కిందటే మాస్టర్స్ గెలిచినవాడు. వార్త బయటికి పొక్కింది. అతను నాలుగు రౌండ్లలో ఏ రౌండు తర్వాతా పత్రికలవాళ్ళతో మాట్లాడలేదు, 47వ స్థానంలో పలువురితో సమంగా ముగించాడు. అదే వారం స్కాటీ షెఫ్లర్ డ్రైవర్ కూడా తప్పింది, అది మాత్రం బయటికి రాలేదు. మార్చుకున్న డ్రైవర్‌తో అయిదు స్ట్రోకుల తేడాతో గెలిచాక ఆ సంగతి షెఫ్లరే ఒప్పుకున్నాడు. పరీక్షలు పెట్టేటట్టయితే ఇంకా పకడ్బందీగా పెట్టాలని కూడా అన్నాడు. ఆ వారం పరీక్షించింది బరిలో మూడోవంతు మందినే.

గోప్యత ఆటగాడి పరువు కాపాడ్డానికని చెబుతారు. జరిగింది సరిగ్గా దానికి వ్యతిరేకం. ఒకే తప్పు, ఒకే వారం: ఒకరు ప్రపంచం ముందు సంజాయిషీ ఇచ్చుకోవాల్సిన స్థితిలో పడ్డారు, మరొకరు ప్రశాంతంగా ఆడుకున్నారు. మిగతా మూడింట రెండు వంతుల మంది డ్రైవర్ల అంకె ఎంతో ఎవరికీ తెలియదు. అందులో 257 దాటినవి లేవని ఎవరు చెప్పగలరు?

అందరివీ పరీక్షించడం అసాధ్యమంటారు. లెక్క వేసి చూద్దాం. ఒక్కో తలకు అయిదు నిమిషాలనుకుంటే 156 తలలకు 780 నిమిషాలు, పదమూడు గంటలు. ప్రాక్టీసు రోజులు మూడు. రెండు యంత్రాలుంటే రోజుకు రెండుంపావు గంటలు చాలదా? కోట్ల డాలర్ల బహుమతి ఉన్న టోర్నీకి ఇది మోయలేని ఖర్చు కాదు. ప్రతివాడూ డ్రైవర్ పట్టుకుని వరసలో నిలబడితే పరీక్షలో తప్పడం అవమానం కాకుండా పోతుంది, టైరు అరిగితే మార్చినట్టు మారుస్తారు. అప్పుడు ఫలితాలు గోడమీద అంటించినా నష్టం లేదు.

అందరినీ పరీక్షించినా ఒక కంత మిగులుతుంది. పరీక్షకు ఒక తల తెచ్చి, ఆటకు ఇంకోటి తీసుకెళ్ళొచ్చు. ప్రొఫెషనల్ ఆటగాళ్ళ దగ్గర ఒకే రకం తలలు రెండు మూడు ఉంటాయి. దీనికి మందు సీరియల్ నంబరు. పరీక్షించిన తల నంబరు రాసుకోవాలి, బదులు తలను కూడా అదే రోజు కొలిపించుకోవాలి. ఇది ఆటగాడికీ మేలే. ఒకే అచ్చులో పోసినట్టుండే రెండు తలల్లో కూడా కోణం అర డిగ్రీ తేడా ఉండొచ్చు, బరువు కేంద్రం జరిగి ఉండొచ్చు, బంతి తిరుగుడు మారుతుంది. గురువారం ఆట అనగా బుధవారం సాయంత్రం డ్రైవర్ పోగొట్టుకున్నవాడు కొత్తదాన్ని సరిచేసుకోవడానికి, బంతి వేగం, తిరుగుడు కొలిచే లాంచ్ మానిటర్ ముందు గంటలు గడపాలి. సోమవారమే తెలిస్తే తీరిక ఉంటుంది.

ఇక్కడ ఆటగాళ్ళ బాధ్యతను కూడా తగ్గించి చూపను. పెద్ద క్లబ్బు కంపెనీల సర్వీసు బండ్లు టోర్నీల దగ్గరే ఉంటాయి. పరీక్ష తన వంతుకు వచ్చేదాకా ఆగకుండా కొన్ని వారాలకొకసారి అంకె కనుక్కోవడం, 250 దాటిన తలను వరసలోంచి తప్పించడం ఎవరికైనా సాధ్యమే. అలా చెయ్యమని నియమం ఎవరినీ అడగదు. అడగాలి.

ఇంతకంటే విచిత్రం రౌండు మధ్యలో జరుగుతుంది. 2023 నుంచి మామూలు నియమం ప్రకారం, కోపంతో పగలగొట్టింది కాకపోతే, రౌండులో దెబ్బతిన్న క్లబ్బును మార్చుకోవచ్చు. పెద్ద టూర్లు (ప్రొఫెషనల్ టోర్నీలు నడిపే సంస్థలు) మాత్రం దాన్ని బిగించే స్థానిక నియమం వాడతాయి: ముఖం ఆకారం కంటికి కనిపించేలా చెడితేనే మార్పు, గీత పడడం, పగులివ్వడం ఒక్కటే చాలదు. 2024 ఆగస్టులో కొలరాడోలోని కాసిల్ పైన్స్‌లో, బీఎండబ్ల్యూ ఛాంపియన్‌షిప్ చివరి రౌండులో మాథ్యూ ఫిట్జ్‌పాట్రిక్ డ్రైవర్ ముఖం పగిలింది. పగులు కనపడుతోంది, బంతి సరిగ్గా వెళ్ళడం లేదు. మార్చడానికి అధికారులు ఒప్పుకోలేదు. మిగతా రౌండు 3 వుడ్‌తో ఆడుకున్నాడు.

మంగళవారం లోలకం కింద రెండు మైక్రోసెకన్లు ఎక్కువైన ముఖాన్ని వాడనివ్వరు. ఆదివారం కళ్ళెదుట పగిలిన ముఖాన్ని మార్చనివ్వరు, కావాలంటే దాంతోనే కొట్టుకోమంటారు, ఎందుకంటే రౌండులో దెబ్బతిన్న క్లబ్బును అలాగే వాడుకోవడం నియమానికి లోబడినదే. రెండు నిర్ణయాలూ ఒకే లోహం గురించి. పగులు ముఖం వంగుడు పెంచుతుందని మొదటి నియమం నమ్ముతుంది, పగులు పెద్ద నష్టమే కాదని రెండోది నమ్ముతుంది.

పగులును మార్పుకు తగిన కారణంగా ఒప్పుకుంటే ఎవరికీ అదనపు లాభం రాదు. పద్నాలుగు పద్నాలుగుగానే ఉంటాయి. మిగతా హద్దులు మామూలు నియమాల్లో ఇప్పటికే ఉన్నాయి: ఆట ఆపకూడదు, కోర్సు మీద ఆడుతున్నవాళ్ళ క్లబ్బు తీసుకోకూడదు, బ్యాగులో మోస్తున్న విడిభాగాలతో అక్కడికక్కడే బిగించుకోకూడదు. కాబట్టి కొలిచి, నంబరు రాసి ఉన్న రెండో డ్రైవర్ షాఫ్ట్ (కర్ర కడ్డీ) బిగించి లాకర్‌లో సిద్ధంగా ఉండాలి. అది తెచ్చేలోపు వచ్చే టీ మీద 3 వుడ్‌తో కొట్టుకోవాలి.